ప్రార్థన చేసి చెప్తాను

ఫిబ్రవరి 1, ఆదివారం

స్తోత్రం తండ్రీ. ఈ రోజు ఆయన చర్చికి నడిచి వచ్చారు. ఒక చెయ్యి కర్ర మీద, ఒక చెయ్యి నా భుజం మీద. మా జమ్మలమడుగు డిపోలో ముప్పై ఏళ్ళు బస్సుల కింద దూరి మెకానిక్ పని చేసినా గోరు కూడా ఊడని మనిషి, రిటైరయ్యాక ప్రొద్దుటూరు బస్టాండులో మెట్టు తప్పి తొడ ఎముక విరగ్గొట్టుకున్నారు. ప్లేటు వేశాక బెంచీ మీద కూర్చుని పాట పాడడం ఇదే మొదటిసారి. శ్రుతి ఎటో పోయింది. అయినా నాకు కళ్ళు తడిశాయి.

మధ్యాహ్నం శోభ వచ్చింది. మున్సిపల్ ఎన్నికల్లో మా వార్డు ఆడవాళ్ళకు వచ్చిందట, కౌన్సిలరుగా నిలబడుతోందట. "మీ ఆశీర్వాదం ఉండాల ప్రసన్నక్కా. మీ చర్చి ఆడోళ్ళు మీ మాట దాటరు గదా" అంది. వాళ్ళ తాతలు గొర్రెలు కాసినవాళ్ళే. ఇప్పుడు భర్త కాంట్రాక్టులు చేస్తాడు, మేడ కట్టారు, అయినా గర్వం లేదు. నేరుగా వంటింట్లోకి వచ్చి స్టూలు లాక్కుని కూర్చుంది. ఎర్రగా, నిండుగా, ఎంత కలుపుగోలు మనిషి.

కళ్యాణి కూడా నిలబడుతోందని శోభే చెప్పింది. ఎరుకల వీధి పోలమ్మ కూతురు, మాకు నీళ్ళ క్యాన్లు తెచ్చే ఆటో అమ్మాయి. మంచి పిల్ల. ఆమె మీద నాకేమీ లేదు.

ఫిబ్రవరి 3

కళ్యాణి క్యాను తెచ్చింది. "లోపల పెట్టనా అక్కా? మామకి కాలు బాగలేదు గదా" అంది. నేల తడిగా ఉందని చెప్పి గేటు దగ్గరే పెట్టించాను. తర్వాత నేనే దొర్లించుకుంటూ లోపలికి తెచ్చుకున్నాను. నడుం పట్టేసింది. మాత్ర వేసుకున్నాక తగ్గింది. స్తోత్రం.

ఫిబ్రవరి 4, బుధవారం

సాయంత్రం కళ్యాణి ఆటో లేకుండా వచ్చింది. ఉతికిన చీర, తలలో కనకాంబరాలు, చేతిలో ప్లాస్టిక్ కవరు. వరండాలో నిలబడే మాట్లాడింది. నామినేషన్ కాగితం మీద ఆమె పేరు ప్రతిపాదిస్తూ వార్డు ఓటరు ఒకరు సంతకం పెట్టాలట. ఆ సంతకం నన్ను అడగడానికి వచ్చింది.

"మీ వీధిలో పెద్దవాళ్ళు లేరా తల్లీ?" అన్నాను.

"శానామంది ఉండారు అక్కా. మా గురప్పమామ నిన్నట్నుంచి పెన్ను జేబులో పెట్టుకుని తిరుగుతాండాడు. కానీ మా వీధోళ్ళ పేరుంటే ఇది మా వీధి పోటీ అనుకుంటారు. మీ పేరుంటే వార్డు పోటీ అయితాది."

మంచం మీద నుంచి ఆయన తల ఎత్తారు. "నీళ్ళ లైను వేయిస్తానని చెప్తాండావంట. ఇంటింటికీ కొళాయి వస్తే నీ క్యాన్లు ఎవురు కొంటారు పాపా?"

"అందుకే గదా మామా నన్ను నమ్మాల. నా కడుపు మీద నేనే కొట్టుకుంటాండా."

ఆయన కాలు నొప్పి మరిచిపోయి నవ్వారు. నేనూ నవ్వాను. నవ్వు అయిపోయాక కళ్యాణి నా ముఖం వైపు చూస్తూ నిలబడింది.

"ప్రార్థన చేసి చెప్తాను తల్లీ" అన్నాను.

ఈ మాట మా చర్చివాళ్ళకు బాగా తెలుసు. సంబంధం నచ్చకపోయినా ఇదే అంటాం, చీటీ వేయమన్నప్పుడు ఇష్టం లేకపోయినా ఇదే అంటాం. కాదన్నట్టు ఉండదు. అవతలివాళ్ళు మళ్ళీ అడగరు. కళ్యాణికి అది తెలియదు. "మంచిది అక్కా. వచ్చే బుధవారం ఆఖరు. అంతలోపల చేసుకోండి" అని దండం పెట్టి పోయింది. నిజంగా ప్రార్థన చేస్తాననే అనుకుంది.

"లేదని చెప్పేస్తే పోయ్యేది గదా" అన్నారు ఆయన.

"లేదని ఎవరన్నారు? ప్రార్థన చేస్తానన్నాను."

"నువ్వు ప్రార్థన చేస్తే దేవుడు ఎప్పుడూ నువ్వనుకున్న జవాబే చెప్తాడే. నాకెప్పుడూ అట్ల చెప్పడబ్బా."

ఆయనకు అన్నీ వేళాకోళమే.

ఫిబ్రవరి 5

ఎందుకు వద్దనుకుంటున్నానో నాకు నేను సరిగ్గా చెప్పుకోవాలి. చదువు ఒకటి. కౌన్సిలరంటే ఆఫీసర్లతో మాట్లాడాలి. ఆ పైన ఆమె గొంతు. వీధి ఈ చివర ఆటో ఆపి పిలిస్తే ఆ చివరికి వినిపిస్తుంది. ఆడపిల్లకు అంత గొంతు బాగుండదు. ఇందులో నా స్వార్థం ఏమీ లేదు. వార్డు బాగు కోసమే.

మాట ఇచ్చాను కాబట్టి ప్రార్థన చేశాను. తర్వాత బైబిల్ వాక్యాల కార్డులుండే వాగ్దానపు పెట్టె తీసి ఒక కార్డు లాగాను. అందులో ఉన్న వాక్యం నేను అడిగిన దానికి జవాబు కాదనిపించింది. లోపల పెట్టేసి ఇంకొకటి తీశాను. అదీ అంత స్పష్టంగా లేదు. మూడోది బాగుంది. తొందరపడకుండా కనిపెట్టుకుని ఉండమని వచ్చింది. మనసు నెమ్మదించింది. స్తోత్రం.

ఫిబ్రవరి 6

పోలమ్మ చాటలు అమ్మడానికి వచ్చింది. ఒకటి తీసుకున్నాను. నేర్పుగా అల్లుతుంది. ఆమె వరండాలో కూర్చుని ఉండగా లోపలికి వెళ్ళి సామాన్ల గదికి గొళ్ళెం పెట్టి వచ్చాను. ఈమధ్య పిల్లి దూరుతోంది.

పోలమ్మ పోయాక ఆయన అడిగారు: "మన వీధిలో పిల్లి యాడుందే?"

చాట తీసుకుని వంటింట్లోకి వెళ్ళాను. పిల్లి ఉంది. నేను చూశాను.

ఫిబ్రవరి 7, శనివారం

పులివెందుల వెళ్ళి వచ్చాను. మా అక్క దేవకుమారి అక్కడ హాస్టలు వార్డెను. ఇంటి పై గది పూర్తయిందని కృతజ్ఞత కూడిక పెట్టుకుంది. ముద్దనూరులో బస్సు మారేసరికి ఎండ నెత్తికెక్కింది. పాటలు బాగా పాడారు. భోజనంలో రాగిసంకటి, నాటుకోడి. అక్కకు దేవుడు ఇచ్చినదంతా చూసి సంతోషపడ్డాను.

చేతులు కడుక్కుంటూ కళ్యాణి సంగతి చెప్పాను.

"ఎరుకలోళ్ళకా? నువ్వు సంతకం పెడతావా?" అంది అక్క. "వాళ్ళ నెత్తురే అంత ప్రసన్నా. కోడి కనిపిస్తే చెయ్యి ఊరుకోదు. వాళ్ళకి ఊరప్పజెప్తారా ఎవరన్నా?"

చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. నేనూ నవ్వినట్టున్నాను.

తిరుగు బస్సులో కిటికీ పక్క సీటు దొరికింది. దారి పొడుగునా ఆ మాట చెవిలో తిరుగుతూనే ఉంది. అంత మొరటుగా నేను ఎప్పుడూ అనలేదు. నేను చదువు గురించి, గొంతు గురించి ఆలోచించాను. అయినా అక్క ఆ మాట అన్నప్పుడు నాకు కొత్తగా అనిపించలేదు. నాకు తెలిసిన మాటను ఎవరో పైకి చదివినట్టుంది.

అలసటగా ఉంది. పడుకుంటాను.

ఫిబ్రవరి 8, ఆదివారం

ఇప్పుడు స్పష్టత వచ్చింది. స్తోత్రం.

ఆరాధన అయ్యాక స్త్రీల సమాజం కూర్చుంది. ఓటు ఎవరికని రూతమ్మ నన్నే అడిగింది. నేను నెమ్మదిగా చెప్పాను. "శోభ మంచిది. కళ్యాణి కూడా మంచిదే. కాకపోతే వాళ్ళమ్మ సోది చెప్పే మనిషి. గంప పెట్టుకుని, ఎవరినో పిలిచి, జరగబోయేది చెప్తుంది. సోది చెప్పే ఇంటికి మనం బలం ఇవ్వడం విశ్వాసానికి తగునా అని ఆలోచించండి."

అందరూ తలలూపారు. రూతమ్మ "నువ్వు చెప్తే గానీ మాకు తట్టలేదు ప్రసన్నక్కా" అంది.

నన్ను ఇన్నాళ్ళు సతాయించింది ఇదే. అక్క చెప్పింది నెత్తురు. నాది విశ్వాసం. రెండూ ఒకటి కాదు. హాయిగా ఉంది.

ఫిబ్రవరి 9

ఈ రోజు కళ్యాణి లోపల పెట్టనా అని అడగలేదు. క్యాను గేటు బయట పెట్టి, హారన్ కొట్టి పోయింది.

ఫిబ్రవరి 10, మంగళవారం

శోభ నామినేషన్‌కు తోడు రమ్మని కారు పంపింది. ప్రొద్దుటూరు సిద్ధాంతి ముహూర్తం పెట్టాడట. కారు చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి తొక్కించారు. మున్సిపల్ ఆఫీసుకు చేరాక కూడా శోభ దిగలేదు. యమగండం పోవాలని పదిన్నర దాకా కారులోనే కూర్చుంది. కొబ్బరికాయ, పసుపు, కుంకుమ ఉన్న పళ్ళెం "కొంచెం పట్టుకో అక్కా" అని నా చేతికిచ్చింది. పట్టుకున్నాను. నాకు ఏమీ అనిపించలేదు. ఇక్కడే రాసి పెట్టుకోవాలి, నాకు ఏమీ అనిపించలేదు.

కళ్యాణి తన వీధివాళ్ళతో మెట్ల దగ్గర నిలబడి ఉంది. గురప్ప తెల్ల పంచె కట్టుకుని పక్కనే ఉన్నాడు. నన్ను చూసి కళ్యాణి వచ్చింది. గొంతు పెంచలేదు. వీధి చివరికి వినిపించే ఆ గొంతు ఈ రోజు నాకు మాత్రమే వినిపించేంత చిన్నగా ఉంది.

"అక్కా, మా అమ్మ సోది చెప్తాదని మీ చర్చిలో అన్నారంట."

నేను పళ్ళెం వైపు చూశాను.

"మా అమ్మ చాటెడు బియ్యానికి చెప్తాండె. ఈ సిద్ధాంతి కారులో కూర్చోబెట్టి చెప్పినాడు. తేడా అంతేనా, ఇంకేమన్నా ఉండాదా? మీరు వాక్యం చదివేవాళ్ళు. తెలిస్తే చెప్పండి."

శోభ మనుషుల్లో ఒకడు పకపకా నవ్వాడు. కళ్యాణి నవ్వలేదు. నిజంగానే అడిగింది. జవాబు కోసం కాసేపు నిలబడింది కూడా. తర్వాత కారు తలుపు తెరుచుకుంది. శోభ కుడికాలు ముందు పెట్టి దిగింది.

అదే రోజు, దీపాలు పెట్టే వేళ

వంట చేయలేదు. ఆయన పొద్దుటి అన్నంలోకి మజ్జిగ పోసుకుని తిన్నారు. ఏమని అడగలేదు. అందుకు ఆయనకు కృతజ్ఞురాలిని.

నేను చెప్పుకున్న కారణాలన్నీ శోభ మీద పెట్టి చూశాను. శోభ తొమ్మిదో తరగతి దాటలేదు. కళ్యాణి ఇంటర్ పాసైంది. ఈ సంగతి నాకు ముందే తెలుసు. శోభ మేడ మీద నుంచి పనిమనిషిని పిలిస్తే చర్చి దాకా వినిపిస్తుంది. దాన్ని చొరవ అనుకున్నాను. ఇక విశ్వాసం. పళ్ళెం పట్టుకున్నది నేనే.

అన్నీ తీసేశాక ఒకటి మిగిలింది. అది రాయడానికి చెయ్యి రావడం లేదు. పులివెందులలో అక్క చెయ్యి కడుక్కుంటూ చెప్పిన మాటే అది. అక్క చెప్తే మొరటుగా వినిపించింది. నేను దానికి చదువు తొడిగాను, మర్యాద తొడిగాను, చివరికి వాక్యం తొడిగాను. లోపల మనిషి అదే.

ఈ నెలలో కళ్యాణి వచ్చినప్పుడు మా నేల తడిగా లేదు. మా ఇంటికి పిల్లి రాదు.

ఆ మొదటి కార్డు మీద ఏముందో ఇక్కడ రాయలేదు. పరాయివాళ్ళుగా ఎంచబడినవాళ్ళను చేర్చుకోమని ఉంది. చదివాను. పెట్టెలో పెట్టేశాను. పోలమ్మ ఏం చెప్పినా ఎదుటివాళ్ళ ముఖం మీద చెప్పేది. నచ్చేదాకా మళ్ళీ మళ్ళీ సోది చెప్పించుకున్నది నేను.

బాధగా ఉంది తండ్రీ. అయినా స్తోత్రం చెప్పకుండా ఉండలేను. ఆ పిల్ల ఈ మాట నా వెనుక అని ఉంటే నాకు ఎప్పటికీ తెలిసేది కాదు. నా ముందుకు వచ్చి అడిగింది.

రేపు ఆఖరు రోజు. ఇంకా టైముంది.

ఫిబ్రవరి 11, బుధవారం

పొద్దున్నే పోదామనుకున్నాను. ఆయన కాలికి కాపడం పెట్టాలి. బట్టలు నానబెట్టి ఉన్నాయి. పప్పు పొయ్యి మీద ఉంది. పని ఉంది. నిజంగానే పని ఉంది. చీర మార్చుకుని ఎరుకల వీధికి చేరేసరికి మూడు దాటింది.

యాభై ఏళ్ళుగా ఈ ఊళ్ళో ఉన్నాను. ఆ వీధిలోకి ఇదే మొదటిసారి.

పోలమ్మ గుమ్మం ముందు వెదురు చీలుస్తూ ఉంది. నన్ను చూసి చాప వేసింది. చెంబుతో నీళ్ళిచ్చింది. తాగాను. తాగానని రాసుకోవడానికి సిగ్గేస్తోంది. నీళ్ళు తాగడం రాసుకోవలసిన విషయమా.

"భయపడాకమ్మా, సోది చెప్పనులే" అంది పోలమ్మ. "గంప దించి పదేండ్లాయ. ఇప్పుడు మోకాళ్ళ నొప్పుల గురించి అడిగితే చెప్తా. అవి బాగా తెలుసు."

కళ్యాణి ఆటో ఆపి వచ్చింది. నన్ను చూసి ఆశ్చర్యపోలేదు, సంతోషపడలేదు.

"సంతకం పెడదామని వచ్చాను తల్లీ."

"మూడింటికే అయిపాయ అక్కా. నిన్ననే గురప్పమామ పెట్టినాడు."

"తప్పు నాది కళ్యాణీ. నేను అన్న మాట..."

"తప్పు సంగతి తర్వాత చూద్దాం" అంది. "సంతకం పోయింది. నోరుండాది గదా. మీ చర్చిలో అన్న మాట మీ చర్చిలోనే తీసేయండి. నాకు మీ వీధిలో ఒక్క తలుపు కూడా తెరుచుకుంటా లేదు. ముందు తెరిచేవాళ్ళు. నీళ్ళకన్నా తెరిచేవాళ్ళు."

ఫిబ్రవరి 12

ఆదివారం చెప్పాలి. నాకు పాటకే గొంతు సరిగ్గా రాదు.

ఫిబ్రవరి 13

శోభ ఫోన్ చేసింది. ఎత్తలేదు. ఎత్తి ఉండాల్సింది.

ఫిబ్రవరి 14

చెప్పకుండా ఓటు మాత్రం కళ్యాణికి వేస్తే చాలదా అని ఆయనను అడిగాను.

"నువ్వు చెడగొట్టింది ఒక్క ఓటునా?" అన్నారు.

ఫిబ్రవరి 15, ఆదివారం

చెప్పాను.

స్త్రీల సమాజంలో సాక్ష్యాలు చెప్పే సమయం. రూతమ్మ మనవడికి జ్వరం తగ్గిందని స్తుతి చెప్పింది. ఇంకొకామె బర్రె ఈనిందని చెప్పింది. నేను లేచి నిలబడ్డాను. అందరూ ఆయన కాలి గురించి చెప్తాననుకున్నారు. ముందు బెంచీ పట్టుకున్నాను.

"పోయిన ఆదివారం విశ్వాసం పేరు పెట్టి నేను ఒక మాట అన్నాను. అది విశ్వాసం కాదు. సోది తప్పని నాకు నిజంగా ఉంటే, శోభ ముహూర్తం పళ్ళెం పట్టుకుని ఉండేదాన్ని కాదు. కళ్యాణి ఎరుకల ఇంట్లో పుట్టిందని నాకు అడ్డం వచ్చింది. దానికి నేను దేవుని పేరు వాడుకున్నాను. ఇది నాకు చూపించినందుకు స్తోత్రం."

ఎవరూ "ఆమెన్" అనలేదు. సాక్ష్యం అయ్యాక ఎవరూ ఆమెన్ అనకపోవడం నేను ఎప్పుడూ చూడలేదు.

చివరికి రూతమ్మ అంది: "అదేంది ప్రసన్నక్కా, ఆ వారం అట్లంటివి, ఈ వారం ఇట్లంటివి. ఇప్పుడు మేం ఎవురికి వెయ్యాల?"

"మీకు ఎవరు నచ్చితే వాళ్ళకు వేయండి. నేను చెప్పిన కారణానికి మాత్రం ఎవరికీ ఓటు ఆపొద్దు."

"నువ్వెవురికి వేస్తావు?"

"కళ్యాణికి."

"ఆ పిల్ల నీకేమిచ్చింది?" అని వెనుక నుంచి ఎవరో అన్నారు. కొందరు నవ్వారు. ఇద్దరు ప్రార్థన కాకముందే లేచి పోయారు.

పాస్టరు అయ్యగారు బయట చెప్పులేసుకుంటూ నా దగ్గర ఆగారు. "కష్టమైన సాక్ష్యం చెప్పావమ్మా" అని మాత్రం అన్నారు. మంచిదన్నారో కాదన్నారో తెలియలేదు.

ఇంటికొచ్చాక ఆకలి వేసింది. రెండు ముద్దలు ఎక్కువ తిన్నాను.

ఫిబ్రవరి 17, మంగళవారం

నిన్నా ఈ రోజూ కళ్యాణితో తిరిగాను. ఆమె ముందు పిలుస్తుంది, నేను వెనుక నిలబడతాను. మా వీధిలో మాత్రం నన్ను ముందు నిలబెట్టింది. "మీరు మూయించిన తలుపులు మీరే కొట్టండి" అంది. నవ్వుతూ అన్నదో కాదో ఆమె ముఖం చూసి చెప్పడం కష్టం.

రూతమ్మ తలుపు తెరిచింది. కాసేపు మా ఇద్దరినీ చూసి, కళ్యాణినే అడిగింది: "ఏం పాపా, నిజంగా లైను వేయిస్తావా, లేకుంటే ఓట్ల దాకానేనా?"

"వేయించకుంటే క్యాను ఊరకే తెచ్చిస్తా పెద్దమ్మా."

"అట్లయితే లైను వద్దులే, ఊరకే వచ్చేటివే బాగుండాయి" అంది రూతమ్మ. ముగ్గురం నవ్వాం. లోపలికి రమ్మంది. ఇద్దరినీ రమ్మంది.

మూడు ఇళ్ళలో తెరవలేదు. లోపల టీవీ సౌండు వినిపిస్తూనే ఉంది.

తిరిగి వచ్చేసరికి శోభ మా వరండాలో కూర్చుని ఉంది. "నేనేం తప్పు చేసినా అక్కా?" అంది. కళ్ళల్లో నీళ్ళు.

"నువ్వేమీ చేయలేదు శోభా. నిన్ను మెచ్చుకున్న కారణాలు కూడా సరైనవి కావు. అది నీ తప్పు కాదు, నాది."

ఆమెకు అర్థం కాలేదు. అర్థం కాకపోవడం కూడా ఆమె తప్పు కాదు. కాఫీ పెడతానంటే వద్దని వెళ్ళిపోయింది. ఇంతకాలం చెల్లెల్లా ఉన్న మనిషి. దేవా, ఆమెకు మేలు చేయి.

ఫిబ్రవరి 20

ఈ రోజు కళ్యాణి క్యాను తెచ్చి వంటింట్లో పెట్టింది. వంటగట్టు కిందికి నెట్టి, "ఈడ ఉంటే మీకు వంగే పని ఉండదు" అంది. స్తోత్రం.

ఫిబ్రవరి 25, బుధవారం

పోలింగు. ఆయనను ఆటోలో తీసుకెళ్ళింది కళ్యాణి తమ్ముడు. "ఆటో ఎక్కించుకున్నంత మాత్రాన ఓటు వేస్తాననుకోవాకు" అని ఆయన దారంతా అతన్ని ఆటపట్టించారు.

నా వంతు వచ్చింది. ముద్ర చేతిలో పట్టుకుని అట్ట చాటుకు వెళ్ళాను. కళ్యాణి పేరు దగ్గర నా చెయ్యి ఒక్క క్షణం ఆగింది. ఎందుకు ఆగిందో తెలియదు. ఇన్ని రోజులు తిరిగాక కూడా ఆగింది. ఎవరూ చూడలేదు. నేను చూశాను. తర్వాత ముద్ర వేశాను.

ఫిబ్రవరి 26

ప్రొద్దుటూరులో ఆయన మందులు తీసుకుని బస్సు ఎక్కాను. పక్క సీటులో ఒక ఆమె వచ్చి కూర్చుంది. చేతుల మీద పచ్చబొట్లు, ఒడిలో వెదురు గంపలు. కింద పెట్టిన నా సంచి నా ఒడిలోకి వచ్చింది. వచ్చాక చూసుకున్నాను. దాన్ని ఎత్తింది నేనే, ఎత్తుతున్నప్పుడు మాత్రం నాకు తెలియలేదు.

మళ్ళీ కింద పెట్టాను.

"ఏంటికమ్మా ఎత్తుతావు, దించుతావు? కాలికి తగుల్తాందా?" అని అడిగింది.

"అవును" అన్నాను.

అబద్ధం. రాసి పెట్టుకుంటున్నాను. ఒక సాక్ష్యంతో పోయేది కాదు ఇది. పోలేదని నాకు తెలియజేసినందుకు కూడా నీకు వందనాలు తండ్రీ. తెలియకుండా ఇన్నేళ్ళు ఎట్లా మోశానో.

ఫిబ్రవరి 28, శనివారం

లెక్కింపు అయిపోయింది. శోభ గెలిచింది. తేడా ముప్పై ఓట్లు కూడా లేదు.

టపాసులు ఆగాక కళ్యాణి వచ్చింది. జుట్టు రేగిపోయి ఉంది, గొంతు బొంగురు పోయింది. ఆయన కుర్చీ చూపించారు. కూర్చుంది. టీ ఇచ్చాను. ఆమెను ఓదార్చడానికి దొరికిన ఒక్క మాట అన్నాను. "శానా దగ్గరకు వచ్చావు తల్లీ."

"మీరు తొలినాడే సంతకం పెట్టింటే గెలిచేదాన్ని" అంది.

ఆయన ఏదో అనబోయి నా వైపు చూసి ఆగారు.

"ఆ వారం దినాలు మీ వీధిలో ఎవురూ నా మాట వినలేదు. మీరొచ్చినాంక విన్నారు. ఇంకో వారం ఉండింటే ఆ ముప్పై ఓట్లు యాడికి పొయ్యేటివి? మీరు తిరిగినారు, కాదనను. కానీ ఓడిపోయింది నేను."

"అవును" అన్నాను.

ఆమె ఏడవలేదు. మీ తప్పేం లేదులే అక్కా అని కూడా అనలేదు. అలా అంటుందని నేను లోపల ఎదురుచూశానని, అననప్పుడు తెలిసింది. అని ఉంటే నేను ఈ రోజు హాయిగా నిద్రపోయి, రేపు చర్చిలో దాన్నే సాక్ష్యంగా చెప్పేదాన్ని. ఆమె నాకు ఆ సుఖం ఇవ్వలేదు. నన్ను చిన్నపిల్లలా ఊరడించకుండా, నిజం వినగలిగిన మనిషిగా చూసింది. అందుకు ఆమెకు జీవితాంతం కృతజ్ఞురాలిని.

టీ అంతా తాగింది. గ్లాసు కడిగి బోర్లించింది. గుమ్మం దగ్గర చెప్పులేసుకుంటూ, నా వైపు తిరగకుండానే అడిగింది.

"సోమవారం కమిషనరు దగ్గరికి పోతాండాం, నీళ్ళ లైను అడగడానికి. గెలిచినా ఓడినా అడగాల్సిందే గదా. వస్తారా?"

"ఎన్నింటికి?" అన్నాను.